కిరీటం ఎవరి నెత్తిన? "సంవత్సరమును నీ దయాకిరీటము" గురించి ఒక సందేహం

కడప నుంచి:

డిసెంబరు 31 రాత్రి మా గుడిలో వాక్యం చదివే పని ఈసారి నామీద పడింది. ఏది చదవాలో అడగాల్సిన పనే లేదు. ఏడాది చివర అంటే బైబిల్లో రెండే రెండు వాక్యాలు. ఒకటి సమూయేలు రాయి నిలబెట్టి "యింతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అన్నది. రెండోది 65వ కీర్తన 11వ వచనం: "సంవత్సరమును నీ దయాకిరీటము ధరింపజేసియున్నావు, నీ జాడలు సారము వెదజల్లుచున్నవి." మాకు రెండోది ఇచ్చినారు.

ఇంట్లో గట్టిగా చదివి చూసుకుంటా ఉంటే వంటింట్లోంచి మా అమ్మ, "సంవత్సరమును కాదురా, సంవత్సరమునకు అని చదువు" అన్నది. ఆమె చదివింది ఐదో తరగతి. పుస్తకం తెచ్చి చూపించినా. "ను" అనే ఉంది. "అయితే అచ్చు తప్పు" అని పోపు పెట్టుకోవడానికి పోయింది.

అచ్చు తప్పు కాదు. అయినా ఆమె చెవిని కొట్టిపారేయలేకపోయినా. బిడ్డకు చొక్కా తొడిగించినాము అంటాం, బిడ్డను చొక్కా తొడిగించినాము అనం. పైగా 8వ కీర్తనలో ఇదే పుస్తకం, ఇదే క్రియ: "మహిమాప్రభావములతో వానికి కిరీటము ధరింపజేసి యున్నావు". అక్కడ "వానికి", ఇక్కడ "సంవత్సరమును". ఒకే మాటకు రెండు విభక్తులు ఎందుకు?

నాకు తోచింది చెబుతా, తప్పయితే దిద్దండి. నన్నొక మాట అడిగినాడు అన్నప్పుడు "నన్ను", "మాట" రెండూ కర్మలే. పాత రాతలో ఇట్లా జంటకర్మలు చెల్లుతాయి. కాబట్టి వాక్యం తప్పు కాదు, చెవికి కొత్త, అంతే. కానీ ఆ కొత్తదనం వల్ల ఒక వింత జరుగుతోంది. ఎవరు ప్రార్థన ఎత్తుకున్నా, "ఈ సంవత్సరమంతా మాకు దయాకిరీటము ధరింపజేసిన తండ్రీ" అంటారు. మా సంఘపెద్ద అంటాడు, మా పిన్ని అంటుంది, నిన్నటిదాకా నేనూ అన్నా. వాక్యంలో "మాకు" అనే మాటే లేదు! కిరీటం పెట్టింది సంవత్సరానికి. మన నెత్తిన కిరీటం కావాలంటే 103వ కీర్తనకు పోవాల: "కరుణాకటాక్షములను నీకు కిరీటముగా ఉంచుచున్నాడు". అక్కడ "నీకు" అని స్పష్టంగా ఉంది.

విభక్తి సరిగ్గా వినపడక, ఏడాది తలమీది కిరీటాన్ని తీసి మనం పెట్టుకున్నామని నా అనుమానం.

ఇంకొకటి. క్యాలెండర్ల మీదా ఫ్లెక్సీల మీదా ఈ వచనం సగమే అచ్చేస్తారు. కిరీటం దగ్గర ఆపేసి పక్కన బంగారు కిరీటం బొమ్మ వేస్తారు. అసలు సరుకంతా రెండో సగంలో ఉంది. "జాడలు" అంటే నేను ఇన్నాళ్లూ అడుగుజాడలు అనుకున్నా. హీబ్రూలో ఉన్న మాట "మఅగాల్". దానికి దగ్గరి చుట్టం "అగాలా", అంటే బండి. ఇది చక్రం తొక్కిన జాడ. మన మాటలో బండి గాడి. సారము అని తెలుగు చేసిన చోట అక్కడ ఉన్నది "దెషెన్", కొవ్వు. దేవుని బండి పోయిన గాడి వెంబడి కొవ్వు కారుతోందని అసలు కవి అన్నాడు. తెలుగాయన కారడాన్ని "వెదజల్లు"గా మార్చినాడు. వెద అంటే విత్తడమే కదా. కారడం పోయి చల్లడం వచ్చింది. నాకైతే ఇదే బాగుంది. మీరేమంటారు?

ఆదోని నుంచి:

సార్, దయాకిరీటము దయ అనే కిరీటం, రూపక సమాసం. హీబ్రూలో "తోవా" అని విన్నాను, అంటే మేలు. మేలు అన్నా సరిపోయేది. కానీ "మేలుకిరీటము" అంటే నోరు తిరగదు, సమాసం కుదరదు, అందుకే దయ.

దాని ముందరి పదో వచనంలో ఇంకో తమాషా ఉంది. "వాన జల్లులచేత దానిని పదునుచేయుచున్నావు." సండే స్కూల్లో ఈ కీర్తన చెప్తున్నాను. నాలుగో తరగతి పిల్లవాడు లేచి, "టీచర్, దేవుడు భూమిని కత్తిలాగ నూరతాడా?" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. వాడి తప్పేముంది, వాడికి తెలిసిన పదును కత్తికి ఉండేదే. నాక్కూడా బాగా చెప్పడం రాలేదు. మెత్తబరచడం అని చెప్పి దాటేశాను.

జమ్మలమడుగు నుంచి:

మేడం, మెత్తబరచడం వేరు, పదును వేరు. నేను పెద్దగా చదువుకున్నోన్ని కాదు, సేద్యం చేసేటోన్ని. మాది నల్లరేగడి, బుడ్డశెనగ పెడతాం. వాన పడినాక చేన్లోకి పొయ్యి పిడికెడు మట్టి తీసి పిసకాల. ముద్ద కావాల. వేలితో తడితే ఆ ముద్ద విడిపోవాల. అదీ పదును. ముద్ద చేతికి అంటుకున్యాదంటే తడి ఎక్కువ, గొర్రు దిగదు, రేగడి నాగలికి పట్టుకుంటాది. ముద్దే కాలేదంటే ఇత్తనం మొలవదు. ఈ రెంటి మధ్యన ఉండేది రెండు మూడు దినాలే. అందుకే అదునూ పదునూ అని జంటగా అంటాం. బుడ్డశెనగకు తర్వాత వాన రాకపోయినా లోపలి పదునుతోనూ మంచుతోనూ బతుకుతాది. మీరు 31 రాత్రి పాటలు పాడతా ఉంటే మా చేన్లల్లో అదే పదును మీద కాయ ఊరతా ఉంటాది. ఆ పిల్లోనికి ఒకసారి మట్టి పిసికి చూపించండి, సాలు.

కానీ కడప అన్నా, నాకు ఒకటి మింగుడు పడ్లేదు. దాని ముందర "దాని గనిమలను చదును చేయుచున్నావు" అని ఉంది. గనిమ మా మాటే, మేం గెనిమ అంటాం. చేనికీ చేనికీ నడుమ ఉండే కట్ట. అది చదునైందంటే వాన పొంగి చేను కొట్టుకపోయిందని. పైచేనోనితో కొట్లాట కూడా. దానికి దేవునికి స్తోత్రం ఎట్ల చెప్పాల?

కడప నుంచి:

అన్నా, ఇన్నేండ్లుగా చదువుతున్నా, ఈ ప్రశ్న ఒక్కసారి కూడా తట్టలేదు నాకు. చేను లేనోనికి గనిమ తెగితే ఏం బాధ!

వెతికినా. హీబ్రూ వాక్యంలో రెండు మాటలు జంటగా ఉన్నాయి. ఒకటి నాగలి తీసిన సాలు. రెండోది సాలుకూ సాలుకూ నడుమ లేచి నిలబడే మట్టి మిట్ట. దున్నినాక పెళ్లలు పెళ్లలుగా ఉంటుంది చూడు, అది. వాన పడి ఆ పెళ్లలు కరిగి కూర్చుంటాయి, నేల సమం అవుతుంది. చేను హద్దు కట్ట కాదు. ఇంగ్లీషు పాత బైబిల్లోనూ సాలు, మిట్ట అన్న జంటే ఉంది, కాకపోతే ఏది తడిసింది ఏది సమమైంది అన్నదాంట్లో తలకిందులు. మన అనువాదకులు సాలుకు "దుక్కులు" పెట్టి, మిట్టకు మాట వెతుక్కొని "గనిమ" మీద చెయ్యి వేసినట్టున్నారు. ఎత్తుగా ఉండే మట్టి అన్న వరకు సరిపోయింది. సేద్యగాని చెవికి మాత్రం నువ్వన్నట్టే గండిపడిన చేను కనపడుతుంది.

నంద్యాల నుంచి:

గనిమ, పదును, దుక్కి, బీడు... ఇవన్నీ మనవైపు మాటలే కదా. కోస్తాలో గనిమను గట్టు అంటారు. కడపకు లండన్ మిషన్ 1822లోనే వచ్చింది. ఈ కీర్తనను తెలుగు చేసినాయన పక్కా రాయలసీమోడే అని నా పందెం.

కడప నుంచి:

పందెం వద్దప్పా. ఆ మిషన్ వాళ్లు మొదట తెలుగు బైబిలు పని పెట్టుకున్నది విశాఖపట్నంలో, 1805 తర్వాత. పూర్తి బైబిలు అచ్చయ్యేసరికి 1850లు వచ్చినాయి. నడుమ ఎన్ని చేతులు పడినాయో. దుక్కీ పదునూ బీడూ అన్ని సీమల మాటలే. మిగిలింది గనిమ ఒక్కటి. ఆ ఒక్క మాటను పట్టుకొని మనిషి ఊరు చెప్పలేం. నాకూ అట్లయితే బాగుండు అనిపిస్తుంది, అది వేరే సంగతి.

గుత్తి నుంచి:

తమ్ముడూ, చర్చ బాగుంది, నేనొక కట్టె వేస్తా. మా అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. యెరూషలేములో ఎంతో తెలుసా? సుమారుగా అంతే. అందుకేనేమో బైబిల్లో వాన మాట వస్తే మాకు ఎక్కడో కథలాగ ఉండదు. కానీ ఒక తికమక ఉంది. తొలకరి వర్షము, కడవరి వర్షము అని రాసినారు. మాకు తొలకరి అంటే మృగశిర కార్తె, జూన్. వాళ్లకు మొదటి వాన పడేది అక్టోబరు, నవంబరులో. వాళ్ల ఎండాకాలం పొడుగునా చుక్క పడదు. వాళ్ల సేద్యపు ఏడాది వానతో మొదలయ్యి పంటతో ముగుస్తాది. కాబట్టి ఏడాదికి కిరీటం అంటే కళ్లం నిండినాక పాడిన పాట. దాన్ని తీసుకొచ్చి డిసెంబరు 31కి అతికించింది మనం. మాకు శెనక్కాయ పీకేది అక్టోబరు, నవంబరు. డిసెంబరు చివరకు అప్పు లెక్కలు కూడా తేలిపోయి ఉంటాయి. కిరీటమో కాదో అప్పటికే తెలిసిపోయి ఉంటాది.

ఉన్నమాట చెప్తా, కాయ పట్టని ఏడు ఆ వచనం చదువుతా ఉంటే నాకు కోపమొచ్చేది. ఊడలు దిగినాయి, కాయలో పప్పు లేదు. ఇంటాయన చెట్టు పీకి ఎత్తి చూపించినాడు, చూడు నీ దయాకిరీటం అని. నేను మాట్లాడలేదు. గుడిలో మాత్రం నోరు ఆడించినా.

బండి సంగతి మాత్రం నిజం. మా చిన్నప్పుడు కాయ మూటలేసుకొని ఎద్దులబండి ఊర్లోకి వస్తా ఉంటే గాడి పొడుగునా కాయలు రాలేవి. మేం పిల్లలం వెనకాలే పొయ్యి ఏరుకునేవాళ్లం. ఒళ్లో పోసుకొని పచ్చివే తినేవాళ్లం. ఆ కాయ ఎవరిదని ఎవ్వరూ అడగరు, బండాయన కూడా. జాడలు సారము వెదజల్లడం అంటే నాకు అదే కండ్లముందర కనపడుతుంది. పంట బాగా వచ్చిన ఏడే రాలేది, అది కూడా చెప్పాల.

జమ్మలమడుగు నుంచి:

అక్కా, అట్ల రాలిన కాయకు లెక్క చూసేటోడు సేద్యగాడే కాదు.

ఆదోని నుంచి:

అయితే కిరీటం సంవత్సరానిదే అన్న కడప సార్ మాట గుత్తి అక్కకు కూడా పనికొస్తుంది. మాకు పెట్టినావు అనుకుంటే పండని ఏడు అబద్ధమాడినట్టు. సంవత్సరానికి పెట్టినావు అంటే... ఏమో, అప్పుడూ కష్టంగానే ఉంది. వ్యాకరణంతో కడుపు నిండదు.

రాజంపేట నుంచి:

నేను ఎప్పుడూ రాయను, చదువుకొని పోతుంటా. ఇది మాత్రం చెప్పాలనిపించింది.

2021 నవంబరు 19న అన్నమయ్య డ్యాం కట్ట తెగి చెయ్యేరు మా ఊర్ల మీదికి వచ్చింది. నీళ్లు పోయినాక చేన్లల్లో ఇసుక మేటలు. జమ్మలమడుగు అన్న గనిమ అంటున్నాడు, మాకు గనిమ యాడుందో కూడా తెలీలేదు. ఎవరి చేను యాడ మొదలో యాడ చివరో పాత మనుషులు చింతచెట్టు గుర్తు పెట్టి చెప్పినారు. సారమంతా ఏటి పాలు, మాకు మిగిలింది ఇసుక.

నెల దాటినాక 31 రాత్రి. గుడికి వచ్చినోళ్లు తక్కువ. అయ్యగారు ఎప్పటిలాగ 65వ కీర్తనే తీసినాడు. మాకు గుండె గుభేలుమంది, ఈయన ఇప్పుడు కిరీటం అంటాడా అని. ఆయన పదకొండో వచనానికి పోలేదు. మొదటి వచనం చదివినాడు: "దేవా, సీయోనులో మౌనముగా నుండుట నీకు స్తుతి చెల్లించుటే." పుస్తకం మూసి మోకాళ్లూనినాడు. మేమూ ఊనినాము. ఎంతసేపో నాకు గుర్తులేదు. ఎవరో దగ్గినారు. ఒక బిడ్డ ఏడ్చింది. గంట కొట్టినాక లేచినాము.

అన్నేండ్లుగా ఆ కీర్తన వింటున్నా, అది మౌనంతో మొదలవుతుందని నాకు అప్పుడే తెలిసింది.

గుత్తి నుంచి:

తమ్ముడూ, మీరు రాసింది మా ఇంటాయనకు చదివి వినిపించినా.

కడప నుంచి:

రాజంపేట అన్నా, నీ మాట చదివినాక ఆ వచనం హీబ్రూలో చూసినా. అక్కడ "మౌనం" పక్కనే "స్తుతి", నడుమ ఏమీ లేదు. చాలామంది ఆ రెంటినీ అతికించలేక స్తుతి నీకు తగినది అని, స్తుతి నీకోసం కాచుకొని ఉంది అని తిప్పుకున్నారు. మన తెలుగాయన తిప్పుకోలేదు. మౌనంగా ఉండటమే స్తుతి అని నిలబెట్టేసినాడు. గనిమ దగ్గర జారినా ఇక్కడ జారలేదు.

ఈ పొద్దు మా అయ్యగారి దగ్గరికి పోయి, పదకొండో వచనం ఒక్కటే కాదు, మొదటి నుంచి పదమూడు వచనాలూ చదువుతానని అడిగినా. పన్నెండుకు గంట కొట్టాల, టైం చాలదేమో అన్నాడు. కాసేపు చేతిలో కాగితం తిప్పి తిప్పి చూసుకొని, "సరే, సాక్ష్యాల్లో రెండు తగ్గిద్దాంలే, అవి ఏడాదికేడాది అవే" అన్నాడు.

అమ్మకు చెప్తే, "చదువు, కానీ సంవత్సరమునకు అనే చదువు" అంటోంది.

జమ్మలమడుగు నుంచి:

"ను" అనే చదువు అన్నా. అమ్మ వినపడనంత దూరంలో కూర్చుంటాదిలే. అట్లనే గనిమ కాడికి వచ్చినప్పుడు కొంచెం మెల్లగా చదువు, మాయట్లాంటోళ్లు ఉంటారు.