గుర్తింపు దక్కని రాక్ బ్యాండ్ అంటే మీ ఓటు దేనికి?

కొచ్చి_ఫ్యాన్: నా ఓటు మా కొచ్చి బ్యాండ్ మదర్‌జేన్‌కి. 2008లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ 'మక్తూబ్' వినండి. అందులో బైజు ధర్మజన్ గిటార్ తీగ లాగి గమకాలు పలికిస్తాడు. 2010లో ఆయన బయటికి వచ్చేశాక ఆ బ్యాండ్ ఊసెత్తేవాళ్లే తగ్గిపోయారు.

గోదారి_తీగ: బ్యాండ్ కాదు గానీ ఒక జోడీ చెప్తాను. గిటారిస్టు మైకేల్ బ్రూక్, మాండొలిన్ శ్రీనివాస్ కలిసి చేసిన ఆల్బమ్ 'డ్రీమ్', 1995. రాక్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ సంస్థ రియల్ వరల్డ్ విడుదల చేసింది. అదే బ్రూక్ ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్‌తో చేసిన 'మస్త్ మస్త్' లోకమంతా విన్నది. పాలకొల్లులో పుట్టిన మనిషి ఆల్బమ్ మనవాళ్లలో ఎంతమంది విన్నారు?

డబుల్_బేస్: అది రాక్ కాదు. అడిగింది రాక్ గురించి.

గోదారి_తీగ: బ్రూక్ ఎలక్ట్రిక్ గిటారిస్టు. శ్రీనివాస్‌దీ ఎలక్ట్రిక్ మాండొలినే.

డబుల్_బేస్: కరెంటు ఉన్నంత మాత్రాన రాక్ అయిపోదండీ.

రిఫ్_రాజా: ఇండియన్ ఓషన్ బ్యాండ్ ఆల్బమ్ 'తందాను', 2014. పాటకో అతిథి. ఎవరూ చెప్పరేంటి?

గోదారి_తీగ: డబుల్_బేస్ గారూ, ఆ ఆల్బమ్ విన్నారా, వినకుండానే గీత గీస్తున్నారా?

డబుల్_బేస్: విన్నాను, బాగుంది. అయినా రాక్ కాదు. ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను. కాలేజీలో మేం తెలుగులో సొంత పాటలు రాసుకుని వాయించేవాళ్లం. ప్రతి ఫెస్ట్‌లోనూ ఒకటే మాట: 'సినిమా పాట వాయించండి, లేదంటే కాస్త క్లాసికల్ కలపండి.' పోపు వేసినట్టు ఓ రాగం తగిలిస్తే తప్ప మాకు స్టేజీ దొరకలేదు. చివరికి బ్యాండే పోయింది.

గోదారి_తీగ: నాకు జరిగింది కూడా వినండి. బ్యాండ్‌లో వయొలిన్ వాయించానని మా మేష్టారు పాఠం ఆపేశారు. అటు వాళ్లు ఇది సంగీతం కాదంటారు, ఇటు మీరు రాక్ కాదంటారు. మరి మాలాంటివాళ్లం ఎక్కడ వాయించాలి?

కొచ్చి_ఫ్యాన్: 'మక్తూబ్' ఒక్కరైనా విన్నారా?

డబుల్_బేస్: అలా అయితే సూటిగానే అంటాను. శ్రీనివాస్ గారికి 1998లోనే పద్మశ్రీ వచ్చింది. రిమెంబర్ శక్తి బృందంలో గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్ పక్కన వాయించారు. ఆయనకి గుర్తింపు లేదంటే ఒప్పుకోను. లేనిది తెలుగులో రాక్ రాసుకునే కుర్రాళ్లకి. మీరు పెద్దాయన పేరు ఎత్తిన ప్రతిసారీ ఆ కుర్రాళ్ల మాట వెనక్కి పోతోంది. నా బాధ అది.

గోదారి_తీగ: ఆయన్ని గౌరవించారు, నిజమే. కానీ కచేరీల మనిషిగానే గౌరవించారు. గిటారిస్టుతో కూర్చుని చేసిన పనిని ఇటు కర్ణాటక సంగీతం వాళ్లూ పట్టించుకోలేదు, అటు రాక్ వాళ్లూ పట్టించుకోలేదు. నేనంటున్నది ఆ పని గురించి.

రిఫ్_రాజా: ఇద్దరూ వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు.

డబుల్_బేస్: ఆ పనికి విలువ లేదని నేననలేదు. రాక్ జాబితాలో ఒక చోటుంటే అది తెలుగులో రాసుకునేవాళ్లకి ఇవ్వమంటున్నాను.

గోదారి_తీగ: సరే, ఆ కుర్రాళ్ల పాటలు ఇక్కడ పెట్టండి, అన్నీ వింటాను. 'డ్రీమ్'ని మాత్రం జాబితాలోంచి తీయను.