సొంత తృప్తి కోసం గీసిన బొమ్మను బీరు క్యాన్ మీద వేస్తామంటున్నారు: ఏ షరతులకు ఒప్పుకోవాలి, బొమ్మను ఎంత మార్చాలి?

నల్లసిరా (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా పాఠ్యపుస్తకాలకూ పత్రికలకూ బొమ్మలు గీయడమే నా జీవనాధారం. ఆ పనితో ఏ సంబంధమూ లేకుండా, ఎవరూ అడగకుండానే, రెండున్నరేళ్ల క్రితం లోతు సముద్రంలో బతికే జీవుల బొమ్మలు గీయడం మొదలుపెట్టాను. సుమారు 200 మీటర్ల లోతుకే సూర్యకాంతి బాగా సన్నగిల్లుతుంది, 1000 మీటర్ల కిందికి అసలు చేరదు. అక్కడి ప్రాణుల్లో చాలావాటికి ఒంట్లోంచి పుట్టే వెలుగు తప్ప వేరే వెలుగు లేదు. ఆ చీకటినీ ఆ వెలుగునూ ఒక్క గీత కూడా గీయకుండా, నల్ల సిరాతో సన్నటి చుక్కలు మాత్రమే పెట్టి చూపించాలన్నది నా పంతం. ఒక్కో బొమ్మకు మూడు నాలుగు వారాలు పట్టేది. ఇప్పటికి 34 పూర్తయ్యాయి. వాటిని అమ్మాలని గానీ పుస్తకంగా వేయాలని గానీ ఎప్పుడూ అనుకోలేదు. పూర్తయిన బొమ్మను నా పేజీలో పెట్టి ఊరుకునేదాన్ని.

గత నెల ఒక చిన్న బ్రూవరీ (బీరు తయారుచేసే సంస్థ) నుంచి మెయిల్ వచ్చింది. తల మీద దీపం వేలాడదీసుకుని తిరిగే యాంగ్లర్ చేప బొమ్మను వాళ్లు చూశారట, కొత్తగా తెస్తున్న స్టౌట్ అనే నల్లటి బీరు క్యాన్ మీద దాన్ని వేయాలనుకుంటున్నారు. అబద్ధమెందుకు, ఎగిరి గంతేశాను. ఆ తర్వాత ఒప్పందం ముసాయిదా వచ్చింది. "ఈ బొమ్మ మీదా, దీనికి సంబంధించిన ఇతర కృతుల మీదా సమస్త హక్కులూ శాశ్వతంగా" సంస్థకే చెందుతాయని అందులో ఉంది. మిగతా 33 బొమ్మలు కూడా ఈ "సంబంధించిన ఇతర కృతుల" కిందికి వస్తాయా?

రెండో సందేహం పనికి సంబంధించినది. ఫైలు పంపితే చాలు, క్యాన్‌కు చుట్టే సంగతి మా డిజైనరు చూసుకుంటారని అంటున్నారు. నా బొమ్మ ఏ3 కాగితం మీద నిలువుగా ఉంది. దాన్ని క్యాన్ కొలతకు కుదిస్తే చుక్కలు ఏమవుతాయో ఊహించలేకపోతున్నాను. ఉన్నదున్నట్టు ఇవ్వాలా, క్యాన్ కోసం మళ్లీ గీయాలా? ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పగలరు.

రేకుమీదరంగు:

నేను చాలాకాలం క్యాన్ల ముద్రణకు ముందు జరిగే ఫైళ్ల తయారీలో పనిచేశాను. మీ రెండో ప్రశ్నకు జవాబిచ్చే ముందు మీరు వాళ్లను ఒక ప్రశ్న అడగాలి: బొమ్మను నేరుగా క్యాన్ మీద ముద్రిస్తారా, ష్రింక్ స్లీవ్ తొడుగుతారా, లేబుల్ అంటిస్తారా? ఈ మూడింటికీ బొమ్మ ఒకే తీరుగా ఉండదు.

నేరుగా ముద్రించేది డ్రై ఆఫ్‌సెట్ పద్ధతిలో. అల్యూమినియం ముందే గుండ్రటి డబ్బాగా తయారై ఉంటుంది. ఒక్కో రంగు ప్లేటూ తన సిరాను ఒకే రబ్బరు దుప్పటి మీద వేస్తుంది, ఆ దుప్పటి రంగులన్నిటినీ ఒక్క దొర్లింపులో క్యాన్ మీదికి దించేస్తుంది. ఏ రంగూ ఆరకముందే ఇదంతా జరిగిపోతుంది కాబట్టి ఒక రంగు మీద ఇంకో రంగు పడితే రెండూ కలిసి బురదవుతాయి, అందుకే రంగులు పక్కపక్కనే ఉండేలా విడదీసి గీయాలి. దొరికే రంగులు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది. నిమిషానికి వెయ్యికి పైగా క్యాన్లు పరుగెత్తే ఆ యంత్రం మీద మీ సన్న చుక్కలు దగ్గరగా ఉన్నచోట పూడుకుపోయి నల్లటి మరకలవుతాయి, దూరంగా ఉన్నచోట కొన్ని అసలు పడవు.

అయితే చిన్న బ్రూవరీ ఈ పద్ధతిలోకి వెళ్లే అవకాశం తక్కువ. ముద్రించిన క్యాన్లను లారీ లోడుల లెక్కన కొనాలి, ఒక్క లోడు అంటేనే సుమారు రెండు లక్షల క్యాన్లు. క్యాన్ల పెద్ద తయారీదారైన బాల్ సంస్థ 2022లో ఒప్పందం లేని కొనుగోలుదారులకు కనీస ఆర్డరును ఒక లోడు నుంచి ఐదు లోడులకు పెంచింది, అంటే పది లక్షలకు పైమాటే. చిన్నవాళ్లలో చాలామంది స్లీవ్ వైపో లేబుల్ వైపో మొగ్గడానికి ఇలాంటి నిబంధనలు ఒక కారణం.

స్లీవ్ అంటే పలచటి ప్లాస్టిక్ గొట్టం. బొమ్మ దాని లోపలివైపు తిరగేసి ముద్రించి ఉంటుంది. క్యాన్‌కు తొడిగి వేడి తగిలిస్తే బిగుసుకుంటుంది. నిటారుగా ఉన్న గోడ దగ్గర పెద్ద తేడా రాదు గానీ, పైన క్యాన్ మెడ సన్నబడే చోట బొమ్మ నొక్కుకుపోతుంది. చేప కన్నును పొరపాటున కూడా అక్కడ పెట్టకండి. లేబుల్ నిటారు గోడ వరకే వస్తుంది, డిజిటల్ ముద్రణలో చుక్కలు ఉన్నంతలో బాగా నిలుస్తాయి.

ఇక అసలు విషయం. 330 మిల్లీలీటర్ల మామూలు క్యాన్ వ్యాసం 66 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 207 చిల్లర. ఎదురుగా నిలబడ్డవాడికి అందులో మూడోవంతు, అంటే 70 మిల్లీమీటర్ల మేర మాత్రమే సరిగా కనిపిస్తుంది. మీ చేపను మొత్తంగా ఒకేసారి చూపించాలనుకుంటే అది బొటనవేలంత అవుతుంది. కాబట్టి మళ్లీ గీయండి. కాగితం మీద అసలు కొలతలో అచ్చు తీసి, నిండు క్యాన్‌కు చుట్టి, మూడడుగుల దూరం నుంచి చూడండి. మానిటర్ మీద పది రోజులు చూసినా తెలియనిది అక్కడ ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

ఒక సలహా, తీసుకున్నా మానినా మీ ఇష్టం. స్లీవ్ మీద రంగుల వెనక సాధారణంగా ఒక తెల్ల పొర వేస్తారు. చేప దీపం ఉన్నచోట ఆ పొరను వదిలేయమనండి, నల్ల సిరా కూడా అక్కడ పడనివ్వకండి. లోహం బయటపడి నిజంగానే మెరుస్తుంది. మీరు రెండున్నరేళ్లు చుక్కలతో చేసినది అదే కదా, వెలుగు ఉన్నచోట ఏమీ పెట్టకపోవడం.

చివరగా, బార్‌కోడ్ గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉండాలి. నిలువుగా పెడితే గుండ్రటి ఒంపు మీద అంచు గీతలు స్కానర్‌కు అందవు. దానికీ, పరిమాణం, ఆల్కహాల్ శాతం, హెచ్చరికల వంటి తప్పనిసరి రాతలకూ కలిపి నాలుగోవంతు స్థలం మొదటి రోజే కేటాయించుకోండి.

గూళ్లబొమ్మలు:

మీ మొదటి ప్రశ్న చదివి గుండె ఝల్లుమంది, ఎందుకంటే నేను సంతకం పెట్టేశాను. పక్షిగూళ్ల బొమ్మల వరుస ఒకటి నాకూ ఉండేది. ఒక పానీయాల సంస్థ అందులోంచి ఒక గూడును తీసుకుంది. కాగితంలో "సంబంధిత కృతులు" అన్న మాట ఉన్నా నేను పట్టించుకోలేదు. రెండేళ్ల తర్వాత మిగతా గూళ్లతో ఒక చిన్న ప్రదర్శన పెట్టుకోబోతే అభ్యంతరం చెబుతూ లాయరు నోటీసు వచ్చింది. కోర్టు దాకా పోయే ఓపిక నాకు లేదు, ఆ బొమ్మలు ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉన్నాయి. కోర్టులో నేనే గెలిచేదాన్నేమో, అది వేరే సంగతి.

అందుకని ఆ మాటను కొట్టేయించండి. మీరు ఇవ్వాల్సింది హక్కుల బదిలీ కాదు, లైసెన్సు. ఏ బొమ్మ, ఏ బీరు, ఏ కొలత క్యాన్లు, ఏ ప్రాంతాల్లో, ఎన్నేళ్లు అన్నది విడివిడిగా రాయించండి. టీషర్టులు, గ్లాసులు, పోస్టర్ల మీద వేసుకోవాలంటే దానికి వేరే మాట, వేరే పారితోషికం. ముద్రణకు అనుమతి ఇచ్చినంత మాత్రాన అసలు కాగితం వాళ్లదైపోదు, అదీ రాసి ఉంటే మంచిది. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలోని 6బిస్ అధికరణం కృతికర్తగా గుర్తింపు పొందే హక్కునూ, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా కృతిని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కునూ గుర్తిస్తుంది. ఆ హక్కులను మీ చేత వదులుకోజేసే వాక్యం ఒప్పందంలో ఎక్కడైనా దాక్కుని ఉందేమో వెతకండి. క్యాన్ మీద మీ పేరు ఎక్కడ, ఎంత అక్షరాల్లో వస్తుందో కూడా అడగండి.

అందరూ మరిచిపోయేది ట్రేడ్‌మార్కు. వాళ్లు మీ చేపను తమ గుర్తుగా నమోదు చేసుకుంటే కాపీరైట్ మీ దగ్గరే ఉన్నా చేతులు కట్టేసినట్టవుతుంది. కాపీరైట్ ఒకనాటికి ముగుస్తుంది, ట్రేడ్‌మార్కును మాత్రం రుసుము కట్టి పొడిగించుకుంటూ పోవచ్చు. బ్రిటన్‌లో మొట్టమొదట నమోదైన ట్రేడ్‌మార్కు ఒక బీరుదే, 1876 నాటి బాస్ బ్రూవరీ ఎర్ర త్రికోణం. (ఫ్రెంచి చిత్రకారుడు మానే 1882లో పూర్తిచేసిన బార్ చిత్రంలో బల్ల మీది సీసాలకు ఆ త్రికోణం కనిపిస్తుంది. గుర్తు ఎంత దూరం ప్రయాణిస్తుందో చూడండి.) మీ లిఖితపూర్వక అంగీకారం లేకుండా బొమ్మను ట్రేడ్‌మార్కుగా నమోదు చేయరాదని ఒక వాక్యం తప్పకుండా పెట్టించండి.

మొలకబార్లీ:

నేను అవతలి పక్షం, చిన్న బ్రూవరీలో పనిచేస్తాను. గూళ్లబొమ్మలు గారికి జరిగినది అన్యాయమే, కాదనను. కానీ మాలాంటి వాళ్లం పంపే ముసాయిదాల్లో సగం ఎక్కడినుంచో తెచ్చి పేర్లు మార్చినవే; ఆ వాక్యం ఎందుకుందో పంపినవాళ్లకే తెలియకపోవచ్చు. గొడవగా కాకుండా మామూలుగా అడిగి చూడండి. మాకు నిజంగా కావలసింది ఒక్కటే: ఒప్పందం ఉన్నన్నాళ్లు అదే చేప ఇంకో పానీయం మీద కనిపించకూడదు. ఏడాది గడువు మాత్రం మాకు చాలదు. లేబుల్ అనుమతులకే కొన్ని వారాలు పోతాయి, బీరుకు పేరు రావడానికి ఇంకొంత కాలం పడుతుంది. మూడేళ్లు అడిగితే కోపం తెచ్చుకోకండి.

చిత్రకారుడి చేతిరాత బ్రూవరీకి ముఖమైపోయిన సందర్భాలు ఉన్నాయి. బ్రిటిష్ చిత్రకారుడు రాల్ఫ్ స్టెడ్‌మన్ 1990లలో అమెరికా బ్రూవరీ ఫ్లయింగ్ డాగ్ లేబుళ్లు గీయడం మొదలుపెట్టాక ఆ సిరా చిమ్మిన బొమ్మలు లేకుండా ఆ బీర్లను ఊహించుకోవడం కష్టమైంది. రెండో బీరుకూ మీ దగ్గరికే వస్తే ఏ షరతుల మీద అన్నది ఇప్పుడే మాట్లాడుకుంటే ఇద్దరికీ మంచిది.

ఒక హెచ్చరిక. చేపను ముద్దుగా మార్చమని డిజైనరు అడిగితే ఒప్పుకోకండి. 2017లో బ్రిటన్‌లో టైనీ రెబెల్ బ్రూవరీ వాళ్ల కుచ్ అనే బీరు క్యాన్ పిల్లలను ఆకర్షించేలా ఉందన్న ఫిర్యాదును, అక్కడ మద్యం ప్యాకింగును పర్యవేక్షించే పోర్ట్‌మన్ గ్రూపు సమర్థించింది, క్యాన్‌ను మార్చాల్సి వచ్చింది. పెద్ద కళ్లూ, నవ్వు ముఖమూ ఉన్న చేప అలాంటి చిక్కే తెస్తుంది. మీ అసలు బొమ్మలోని పళ్లే మీకు రక్ష. ఇంకొకటి, లేబుల్ అయితే కాగితం వద్దనండి; ఫ్రిజ్‌లోంచి తీయగానే చెమ్మ పట్టి ముడతలు పడుతుంది. ఫిల్మ్ లేబుల్ అడగండి.

నల్లసిరా:

ముగ్గురికీ ధన్యవాదాలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి.

మొలకబార్లీ గారు అన్నట్టే జరిగింది. "సంబంధించిన ఇతర కృతులు" అంటే ఏమిటని అడిగితే వాళ్లే తడబడ్డారు, మర్నాటికి ఆ వాక్యం తీసేసి పంపారు. మూడేళ్ల లైసెన్సు, ఈ ఒక్క బీరుకు, క్యాన్ల మీద మాత్రమే. ట్రేడ్‌మార్కు వాక్యానికి కొంచెం గుంజాటన పడి ఒప్పుకున్నారు. పేరు మాత్రం నేను అడిగినదానికన్నా చిన్న అక్షరాల్లోనే వస్తోంది.

స్లీవ్ అని తేలింది. కాగితం చుట్టి చూస్తే రేకుమీదరంగు గారి మాట అక్షరాలా నిజమైంది, నా చేప ఒక నల్లటి బంగాళాదుంపలా కనిపించింది. మళ్లీ గీశాను. ముందువైపు నల్లటి చీకట్లో దీపం, దాన్ని పట్టుకున్న సన్నటి కాడ, అంతే. కాడ వెంట క్యాన్‌ను కుడివైపు తిప్పుతూ పోతే ముందు పళ్లు, ఆ తర్వాత నోరు, చివరికి బార్‌కోడ్ పక్కన చిన్న కన్ను వస్తాయి. చుక్కల పరిమాణం రెట్టింపు చేశాను, వాటి సంఖ్య సగానికి తగ్గించాను. అందుకు బాధ కలుగుతుందనుకున్నాను గానీ కలగలేదు.

రెండు చోట్ల పట్టుబట్టాను. నేపథ్యం ఎర్రగా ఉంటే బాగుంటుందని డిజైనరు అన్నారు. ఎరుపు కాంతి అంత లోతుకు దిగదనీ, అక్కడ ఎర్రటి జీవి కూడా నల్లగానే కనిపిస్తుందనీ చెప్పి నలుపే ఉంచాను. వెనకవైపు రాతలో చేపను "చీకటి వేటగాడు" అన్నారు. ఈ చేపల్లో దీపం ఉండేది ఆడదానికే కాబట్టి దాన్ని మార్పించాను.

నిన్న తెల్ల పొరను వేరే లేయర్‌గా పంపమని ప్రెస్సు వాళ్లు అడిగారు. దీపం ఉన్నచోట తొమ్మిది మిల్లీమీటర్ల గుండ్రటి ఖాళీ వదిలి ఫైలు పంపించాను. ప్రూఫు వచ్చే వారం వస్తుంది.