అప్‌డేట్: బ్లూ స్క్రీన్‌కు కారణం దొరికింది

డెస్క్‌టాప్ రోజుకు రెండు మూడుసార్లు బ్లూ స్క్రీన్ వచ్చి ఆగిపోతోందని, విండోస్ మళ్లీ వేసినా తగ్గలేదని ఇక్కడ అడిగాను కదా. తప్పు ర్యామ్‌ది, అంటే కంప్యూటర్ మెమరీది. విండోస్‌లో ఉండే మెమరీ పరీక్షలో ఏమీ తేలలేదు. మీరు చెప్పినట్టు మెమ్‌టెస్ట్86+ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి రాత్రంతా నడిపితే వరుసగా ఎర్రర్లు! ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆపినా అంతే. అప్పుడు రెండు 8 జీబీ ర్యామ్ స్టిక్‌లనూ విడివిడిగా, మదర్‌బోర్డులో ఒకే స్లాట్‌లో పెట్టి చూశాను. ఒకటి నాలుగు పాస్‌లు (పూర్తి పరీక్ష విడతలు) ఎర్రర్ లేకుండా దాటింది. రెండోదానికి స్లాట్ మార్చినా ఎర్రర్లే, కాబట్టి స్లాట్ తప్పు కాదు. ఈ పని చేయకపోతే తప్పు దానిదే అనుకుని అనవసరంగా కొత్త పవర్ సప్లై కొనేవాణ్ణి. ఐదు రోజులుగా ఒక్క స్టిక్‌తోనే నడుస్తోంది, ఒక్క క్రాష్ లేదు. పాడైనదాన్ని వారంటీకి పంపాను. ఆ టెన్షన్‌లో ఓపిగ్గా దారి చూపినవాళ్లందరికీ మనస్ఫూర్తిగా థ్యాంక్స్.