దండం పెట్టుకునేవాళ్లను ఫోటో తీయొచ్చా? గుళ్లకు, దర్గాలకు తిరిగేవాళ్లు చెప్పండి

పెన్నా_గట్టు (కడప):
అందరికీ నమస్కారం. ఆదివారం వస్తే అమ్మను బండి మీద ఎక్కించుకుని ఏదో ఒక క్షేత్రానికి పోతుంటాను. ఒంటిమిట్ట, పుష్పగిరి, తాడిపత్రి ఇట్లా. అమ్మకు దర్శనం కావాలి, నాకు ఫోటోలు కావాలి. ఈమధ్యే సెకండ్‌హ్యాండ్‌లో ఒక కెమెరా, 50 ఎంఎం లెన్సు కొన్నాను.

మొన్న తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడిలో ఒక పెద్దామె గోపురం గోడకు ఆనుకుని కూర్చుని ఒత్తులు చేసుకుంటోంది. పక్కనుంచి ఎండ ఆమె చేతుల మీద, వెనక శిల్పాల మీద పడుతోంది. కెమెరా చేతిలోనే ఉంది, ఎత్తడానికి మనసు ఒప్పలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నీ రాళ్లే, మనుషులు లేరు. ప్రతిసారీ ఇంతే. మీరు ఎట్లా తీస్తారు? అడిగి తీస్తారా? కెమెరా మీద ధ్యాస ఉంటే మన భక్తి ఏమవుతుంది? మొహర్రంకు అనంతపురం వైపు గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల దగ్గరికి పోవాలని ఉంది, అందుకే అడుగుతున్నాను.

రాతి_గుడి:
రూల్స్ సంగతి నేను చెప్తా. తాడిపత్రి గుళ్లు, లేపాక్షి పురావస్తు శాఖ కింద ఉన్నాయి. ట్రైపాడ్‌కు ముందే పర్మిషన్ కావాలి. గర్భగుడిలో ఎక్కడా తీయకూడదు. లేపాక్షి పైకప్పు బొమ్మల మీద ఫ్లాష్ వేయొద్దు, రంగులు పాడవుతాయి. అక్కడ చీకటిగా ఉంటుంది కాబట్టి ఫోన్‌ను నేల మీద వెల్లకిలా పెట్టి ముందు కెమెరాతో టైమర్ పెట్టు, కదలకుండా వస్తుంది.

పాత_స్టూడియో (అనంతపురం):
తమ్ముడూ, నేను చాలా ఏళ్లు స్టూడియో నడిపాను. మా అమ్మ పుట్టిల్లు నార్పల దగ్గర, అందుకని గూగూడు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మా వైపు ఏ ఊళ్లో పిలిచినా కుళ్లాయిస్వామి పేరు పెట్టుకున్న ఒక కుళ్లాయప్ప, ఒక కుళ్లాయమ్మ పలుకుతారు. హిందువుల ఇళ్లలోనే ఆ పేర్లు ఎక్కువ. ఆ స్వామి పక్కనే ఆంజనేయస్వామి గుడి. రెండూ చూసుకునిగానీ ఎవరూ వెనక్కి పోరు.

నేను చేసేది చెప్తా. పోయిన వెంటనే కెమెరా తీయను. అందరిలాగే చక్కెర చదివింపులు చేయించుకుంటాను, పీర్లు ఉండే మకానం దగ్గర మొక్కుకుంటాను. అప్పుడు బయటికొచ్చి ఒకచోట కూర్చుంటాను. కాసేపటికి చుట్టుపక్కల వాళ్లే ‘ఏ ఊరు అన్నా’ అని పలకరిస్తారు. ఫోటో అడగాల్సింది అప్పుడు. అడిగితే వద్దనేవాళ్లు తక్కువ. వద్దంటే వద్దు, అంతే.

ఒకసారి అట్లా ఒక తల్లిని తీశాను. చంటిదానికి పుట్టువెంట్రుకలు తీయించి, గుండుకు గంధం పూసి, ఒళ్లో పెట్టుకుని పీర్లకేసి చూస్తోంది. బిడ్డ పిడికిట్లో చక్కెర కరిగి మోచేతి దాకా కారుతోంది. ప్రింటు వేసి వాళ్ల ఊరికి పంపాను. ఆ తర్వాత ఆ పక్కకు పోయినప్పుడు వాళ్లింటికి పోతే, ఆ ఫోటో దేవుని గూట్లో వెంకటేశ్వరస్వామి పటానికి, పీర్ల పటానికి మధ్య ఉంది. దానికీ కుంకుమ పెట్టారు. నాకు వచ్చిన ఏ మెచ్చుకోలూ దీనికి సాటి రాదు. కాబట్టి ప్రింటు ఇస్తానని చెప్తే తప్పకుండా ఇవ్వు. ఫోన్‌లో పంపినా సరే, పంపు.

భక్తి గురించి అడిగావు. కెమెరా పట్టుకుంటే భక్తి పోతుందని నేను అనుకోను. మంచి వెలుగు కోసం ఒకే స్తంభం ముందు గంటసేపు నిలబడ్డవాడు దర్శనం లైన్లో తోసుకుంటూ పోయినవాడికంటే దేవునికి దూరమేమీ కాదు. కానీ ఎదుటి మనిషి మొక్కు నీ ఫోటోకంటే ముందు. నువ్వు కెమెరా ఎత్తలేదే, అది సరైన పనే. ఆమె ఒత్తులు చేసుకోవడం అయ్యాక పక్కన కూర్చుని ఉంటే సరిపోయేది, ఈసారి కూర్చో.

పెద్ద సరిగెత్తు అంటే గూగూడు మొహర్రంలో ముఖ్యమైన రోజు, ఆ తెల్లవారుజామున స్వామి నిప్పుల గుండంలోకి వచ్చేటప్పుడు పీర్ల దారికి అడ్డం నిలబడొద్దు. మోసేవాళ్లకు ముందు ఏముందో చూసే స్థితి ఉండదు. ఎక్స్‌పోజర్ నిప్పులకు కాకుండా ముఖాలకు చూసుకో. ఐఎస్ఓ 3200, షటర్ 1/250 దగ్గర మొదలుపెట్టు. ఫ్లాష్ బ్యాగులోనే ఉండనీ.

జమ్మలమడుగు_బస్సు:
నేను ఒప్పుకోను అన్నా. అడిగితే మనిషి సర్దుకుంటాడు, నవ్వు ముఖం పెడతాడు, ఇక ఆ ఫోటో ఎందుకు? దూరం నుంచి, వెనక నుంచి, ముఖం తెలియకుండా తీస్తే ఎవరికి నష్టం?

తొలి_ఉగాది (కడప):
నష్టం ఎవరికో నేను చెప్తాను. మేము ముస్లింలం. ఉగాది రోజు దేవుని కడప వెంకటేశ్వరస్వామి దర్శనానికి పోతాం. మావాళ్లు చాలామంది వస్తారు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, స్వామి మాకు అల్లుడు. మా నాయనమ్మ ఆరోజు పొద్దున్నే తలంటు పోసుకుని, బిడ్డ ఇంటికి పోయినంత సంబరంగా బయల్దేరుతుంది. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు కొబ్బరికాయ పట్టుకున్న మా నాయనమ్మను పక్కనుంచి టకటకా తీసేసి పోతారు. ఫోటోలో మాత్రం బుర్ఖా ఒక్కటే కనిపిస్తుంది. ఎవరూ ఆమె పేరు అడగలేదు, ఎందుకొచ్చావమ్మా అని అడగలేదు. అడిగితే పొద్దుగూకే దాకా చెప్తుంది. వెనక నుంచి తీసినా మాకు తెలుస్తుంది అన్నా.

పాత_స్టూడియో:
ఈమె చెప్పిందే నా మాట కూడా. అడిగితే సర్దుకుంటారు నిజమే. ఇంకో పది నిమిషాలు అక్కడే ఉండు, నిన్ను మర్చిపోయి మళ్లీ వాళ్ల మొక్కులో పడతారు. అప్పుడు తీయి.

పెన్నా_గట్టు:
అందరికీ చాలా థ్యాంక్స్. వచ్చే ఆదివారం కెమెరా బ్యాగులో పెట్టుకునే తాడిపత్రికి పోతా. ఆ పెద్దామె ఉంటే ముందు అమ్మను మాట్లాడించమంటా, అమ్మకు మాటలు బాగా కలుస్తాయి. అక్కా, మీ నాయనమ్మ ఒప్పుకుంటే ఉగాదికి దేవుని కడపలో కలుస్తాను, ఫోటో సంగతి తర్వాత. అన్నా, గూగూడుకు అమ్మను కూడా పిల్చుకుని రావచ్చా? రాత్రి అంతా ఉండాలంటే ఇబ్బందా?

పాత_స్టూడియో:
తప్పకుండా పిల్చుకుని రా. జనం బాగా ఉంటారు, అమ్మను గుండం దగ్గరికి తీసుకుపోవద్దు. బండి మీద రాత్రి ప్రయాణం కూడా వద్దు, బస్సులో రండి. కప్పుకోను దుప్పటి, తాగను నీళ్లు తెచ్చుకోండి. చక్కెర అక్కడే దొరుకుతుంది.