పాత డబుల్ రైఫిల్‌లో ఇత్తడి సాలిడ్ బుల్లెట్లు వాడితే గొట్టాలు పాడవుతాయా?

గౌతమి_470:
వారసత్వంగా లైసెన్స్ మీదికి వచ్చిన రైఫిల్, .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటా వాడేది, ఇంగ్లండ్‌లో చేసిన డబుల్, అంటే పక్కపక్కన రెండు గొట్టాలది. గొట్టాల అడుగు చదునులో కార్డైట్ 75-500 అని చెక్కి ఉంది, అంటే 75 గ్రెయిన్ల కార్డైట్ మందుకి 500 గ్రెయిన్ల బుల్లెట్. రైఫ్లింగ్ (గొట్టం లోపల మెలితిరిగిన గట్లు, గాళ్లు) అంచులు పదునుగానే ఉన్నాయి. ఎడమ గొట్టంలో చాంబర్ (తూటా కూర్చునే చోటు) దాటాక కొద్దిగా తుప్పు గుంటలు. రేంజిలో ఏడాదికి పది రౌండ్లకు మించదు. దొరుకుతున్నవి 500 గ్రెయిన్ల పూర్తి ఇత్తడి సాలిడ్స్, అంటే మెత్తముక్కు లేని గట్టి బుల్లెట్లు. ఇత్తడి ఉక్కుకంటే మెత్తన కాబట్టి ఏం కాదని కొందరు, గొట్టం ఉబ్బిపోతుందని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి? ఉండేది అమలాపురం దగ్గర, తేమ సంగతి కూడా చెప్పండి.

కాలువగట్టు:
మెత్తదనం లెక్క ఇక్కడ పనికిరాదండి. ఇత్తడి ఉక్కును గీకదు, నిజమే. అసలు చూడాల్సింది బుల్లెట్ నలిగి దారి ఇస్తుందా లేదా అని.

ఆ రైఫిల్ చేసిన రోజుల్లో కూడా సాలిడ్స్ అనే పేరు ఉంది. కానీ అవి పైన ఉక్కు లేక నికెల్ కలిపిన రాగి తొడుగు, లోపల సీసం. గొట్టంలో గట్లు నొక్కగానే లోపలి సీసం నలిగి బుల్లెట్ కాస్త పొడవుగా సాగుతుంది. ఇప్పటి బుల్లెట్ మొత్తం ఒకే లోహపు ముక్క. గట్టు నొక్కిన చోట లోహం పక్కకి జరగడానికి ఖాళీ ఉండాలి, లేకపోతే ఆ ఒత్తిడంతా గొట్టం గోడ మీద పడుతుంది. పైగా సీసం సాంద్రత 11.3, ఇత్తడిది 8.5 దగ్గర. అదే 500 గ్రెయిన్ల బరువు రావాలంటే బుల్లెట్ పొడవు పెరుగుతుంది, గొట్టాన్ని ఒరుసుకునే భాగమూ పెరుగుతుంది.

దాని ఫలితం అంటూ చెప్పేది ఏమిటంటే, లోపలి రైఫ్లింగ్ మెలికలు గొట్టం బయట సన్నటి వారల్లా పైకి తేలడం. గోడ పలచగా ఉన్న పాత డబుల్స్‌కే ఆ భయం. రెండు గొట్టాలనూ కలిపే పట్టీలు మెత్తటి టంకంతో అతికినవి, అవి ఊడినా రైఫిల్ రెండు గుండ్లనూ ఒక్కచోటికి చేర్చదు.

బెంచిమీద:
పైన చెప్పింది నున్నటి సాలిడ్స్‌కి పూర్తిగా ఒప్పుకుంటాను. బుల్లెట్ చుట్టూ గాళ్లు తీసి, మధ్య మిగిలిన వలయాలు మాత్రమే రైఫ్లింగ్‌ని తాకేలా చేసినవి వేరు. ఆ వలయాల వ్యాసం మీ గొట్టం గాళ్ల వ్యాసాన్ని మించకుండా, మధ్య ఒళ్లు గట్ల మధ్య కొలతకు మించకుండా ఉంటే లోహం జరగడానికి చోటు దొరుకుతుంది. డబ్బా మీద .474 అని రాసి ఉంటే సరిపోదు, పాత గొట్టాలు ఒకదానికొకటి కూడా తేడాగా ఉంటాయి. ముందు కొలవండి.

గొట్టాలు విడదీసి, శుభ్రం చేసి, లోపల పలచగా నూనె రాయండి. వలలకు కట్టే సీసం దొరుకుతుంది కదా, గోరుతో గీస్తే గీత పడేంత మెత్తది చూసి, గొట్టం కంటే కొంచెం లావు ముక్క చేసుకోండి. మూతి దగ్గర చెక్కసుత్తితో దించి, ఇత్తడి కడ్డీతో మెల్లగా చాంబర్ దాకా తోయండి. ఉన్నట్టుండి వదులైతే అక్కడ ఉబ్బో గుంటో ఉంది. రెండు గొట్టాలకూ వేరు వేరు ముక్కలు, బయటికి వచ్చాక వాటినే కొలవాలి.

గౌతమి_470:
7 గాళ్లు ఉన్నాయండి. మామూలు మైక్రోమీటర్‌తో ఎటు తిప్పినా ఒక కొలత కుదరడం లేదు.

బెంచిమీద:
బేసి సంఖ్య కదా, గాడికి ఎదురుగా గట్టు వస్తుంది. 7 గాళ్లకి సరిపోయే వి ఆకారపు అడుగున్న మైక్రోమీటర్ కావాలి, మంచి లేత్ షాపుల్లో ఉంటుంది. .474 అంగుళాలంటే 12.04 మిల్లీమీటర్లు. అంతకంటే తక్కువ వస్తే ఆ డబ్బా తెరవకండి. గుంటలున్న ఎడమ గొట్టంలో అయితే కొలత సరిపోయినా సాలిడ్ వద్దే అంటాను.

లంకవాసి:
అసలు రేంజిలో సాలిడ్ ఎందుకండీ? అవి ఏనుగు, అడవిదున్న ఎముక చీల్చడానికి చేసినవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఇక్కడ ఆ పనే లేదు. కాగితం మీదికి సీసపు గుజ్జున్న మెత్తముక్కు 500 గ్రెయిన్లది, సెకనుకు 2150 అడుగుల దగ్గర వెళ్లేది తీసుకోండి. రెండు గొట్టాల గుండ్లూ ఒక్కచోటికి చేరేలా రైఫిల్‌ని సర్దింది ఆ బరువుకీ ఆ వేగానికే. సాలిడ్ అయితే మట్టికట్టలో కూడా లోతుకి పోతుంది, రాయి తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఇంట్లో తూటాలు నింపుకుందామని మాత్రం అనుకోకండి, దానికి వేరే లైసెన్స్ కావాలి.

ఏది కాల్చినా ముందు గొట్టాలను అడుగు కొక్కెం దగ్గర తాడుకి వేలాడదీసి చెక్కముక్కతో తట్టండి. గుడిగంటలా సాగితే పట్టీలు గట్టివి. పగిలిన కుండలా మోగితే కాల్చడం ఆపి, లైసెన్సున్న గన్‌స్మిత్‌కి చూపించండి. తర్వాత కిటికీ వైపు ఎత్తి, బయట గొట్టం మీద కిటికీ ఊచ నీడ సూటిగా జారుతుందో లేదో చూడండి. వంకర తిరిగిన చోట ఉబ్బు ఉన్నట్టు.

ఇక తేమ. కోనసీమలో మీ గొట్టాలకి ఇత్తడి కంటే ఉప్పుగాలే పెద్ద శత్రువండి, ఆయ్. పాత కైనాక్ (ఇంగ్లండ్ కంపెనీ) తూటాలు కాల్చితే తూటా అడుగున మందుని అంటించే క్యాప్ నుంచి ఉప్పు మిగులుతుంది, అది గాల్లో తేమని లాక్కుంటుంది. నూనె ఆ ఉప్పుని కరిగించదు. అదే రోజు మరుగుతున్న నీళ్లు పోసి కడిగి, వేడి మీదే తుడిచి, తర్వాత రాగి మరకకి అమ్మోనియా ద్రావణం వాడి, సీసా మీద రాసిన సమయం దాటకుండా తుడిచేయండి. తోలు పెట్టెలో ఎప్పుడూ దాచకండి, తోలు తేమ పట్టి ఉంచుతుంది. ఇనుప బీరువాలో సిలికా జెల్ పెట్టి, మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి, నూనె కట్టెలోకి దిగదు. జూలై నుంచి అక్టోబరు దాకా వారానికోసారి తుడవండి. రంగు వేయించాలంటే వేడి క్షారపు తొట్టెలో ముంచే పద్ధతి వద్దని ముందే చెప్పండి, అది పట్టీల టంకాన్ని తినేస్తుంది. మెల్లగా తుప్పు పట్టించి నల్లబరిచే పాత పద్ధతే డబుల్‌కి.