పిల్లల పుస్తకాలకు సబ్జెక్ట్ హెడింగులు ఎలా ఇస్తున్నారు?

బడి_లైబ్రరీ: మా స్కూల్ లైబ్రరీని కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తున్నాం. పాత రిజిస్టర్‌లో తెలుగు పుస్తకాలన్నిటికీ ఒకటే సబ్జెక్ట్, 'బాలసాహిత్యం'. ఏనుగు కథకూ అదే, చంద్రుడి గురించి రాసిన సైన్సు పుస్తకానికీ అదే. మీరంతా 650లో, అంటే రికార్డులో సబ్జెక్ట్ రాసే ఫీల్డులో, ఏం రాస్తున్నారు?

పద్మ_కేటలాగ్: పిల్లల గదిలో పెట్టిన పుస్తకాన్ని మళ్లీ 'బాలసాహిత్యం' అంటే ఎవరికి లాభమండీ? అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు కూడా అందుకే 1965లో పిల్లల పుస్తకాలకు వేరే పద్ధతి మొదలుపెట్టారు. మామూలు జాబితాలో 'ఏనుగులు—బాలల కల్పన' అని ఉండేది పిల్లల జాబితాలో 'ఏనుగులు—కల్పన' అవుతుంది. దాంతోపాటు కథేమిటో రెండు ముక్కల్లో రాస్తారు, అది 520లోకి వెళ్తుంది. 650 రెండో ఇండికేటర్ (హెడింగ్ ఏ జాబితాలోదో చెప్పే అంకె) 0 అయితే మామూలు జాబితా, 1 అయితే పిల్లలది. మనం సొంతంగా పెట్టుకునే తెలుగు హెడింగులకు 4 వేస్తే సరి.

గుంటూరు_పుస్తకాలు: మరి తెనాలి రామకృష్ణుడి కథలు ఎక్కడ పెడుతున్నారు? మా దగ్గర డ్యూయీ వర్గీకరణ నంబర్లలో సగం 398.2లో (జానపద కథలు), సగం 894.827లో (తెలుగు సాహిత్యం) ఉన్నాయి.

పద్మ_కేటలాగ్: జనం నోట నడిచిన కథలైతే 398.2. ఆయన మీద ఎవరైనా ఈ కాలంలో సొంతంగా నవల రాస్తే 894.8273. నంబరు ఏదైనా, మనిషి పేరు కాబట్టి 600లో 'తెనాలి రామకృష్ణుడు—కథలు' అని రెండిటికీ ఇవ్వండి, వెతికితే ఒకేచోట దొరుకుతాయి.

ఊరి_గ్రంథాలయం: ఒక్క గది లైబ్రరీకి ఇంత హడావుడి అవసరమా సార్? బీరువా మీద 'జంతువులు', 'నవ్వించే కథలు' అని చీటీలు అంటిస్తే పిల్లలే తీసుకుంటారు. మాకు అదే నడుస్తోంది.

హైస్కూల్_సునీత: చిన్నపిల్లల వరకు మీ మాట నిజమే అన్నా. తొమ్మిది, పది తరగతుల వాళ్ల దగ్గర అది పనిచేయదు. నెలసరి గురించిన పుస్తకం 612.662లో ఉంటుంది. ఏ ఆడపిల్లా కౌంటర్ దగ్గరికొచ్చి అడగదు, కంప్యూటర్‌లో 'పీరియడ్స్' అని కొట్టి చూస్తుంది. మేం హెడింగ్ 'ఋతుస్రావం' అనే ఉంచి, అథారిటీ రికార్డులో (హెడింగుకున్న వేరే పేర్లన్నీ కలిపి ఉంచే రికార్డు) 450 కింద 'పీరియడ్స్', 'నెలసరి', 'బహిష్టు' చేర్చాం. ఏది కొట్టినా అదే పుస్తకం వస్తోంది. ఇంట్లో తాగుడు, పరీక్షల టెన్షన్, చనిపోయిన స్నేహితుడు లాంటి విషయాలున్న నవలలకూ హెడింగ్ తప్పకుండా ఇస్తాం. 'నవల' అని ఊరుకుంటే కావలసిన పిల్లకు అది కంటపడదు.

రంగుల_చుక్క: చదివే స్థాయిని 650లో కలపకండి. ప్రథమ్ బుక్స్ పుస్తకాల మీద 1 నుంచి 4 వరకు స్థాయి ఉంటుంది కదా, దాన్ని 521లో (పుస్తకం ఎవరి కోసమో చెప్పే ఫీల్డు) రాసి, వెన్ను మీద రంగు చుక్క అంటించండి. ఐదో తరగతి పిల్లాడికి ఒకటో స్థాయి పుస్తకం కావాల్సి రావచ్చు, వాడి వయసు సబ్జెక్ట్‌లో కనిపిస్తే సిగ్గుపడతాడు.

బడి_లైబ్రరీ: థాంక్స్ అందరికీ. ఇంకో చిక్కు. 'బాల సాహిత్యం', 'బాలసాహిత్యం' రెండూ వేర్వేరు హెడింగులుగా వస్తున్నాయి.

కోహా_కుర్రాడు: ఒకటి ఉంచి రెండోది అందులో మెర్జ్ చేయండి. పైకి ఒకేలా కనిపించినా రెండుసార్లు వచ్చే మాటలు కూడా ఉంటాయి. వేరే ఫైల్ నుంచి కాపీ చేసినప్పుడు పొల్లు పక్కన కంటికి కనిపించని జాయినర్ అక్షరం అంటుకొస్తుంది. టైప్ చేయనివ్వకుండా, జాబితా నుంచే ఎంచుకునేలా పెట్టండి.

హైస్కూల్_సునీత: మా జాబితా స్ప్రెడ్‌షీట్‌లో ఉంది, కావాలంటే పంపుతాను. పండుగలు, పంటల వైపు హెడింగులు తక్కువ, ఎవరైనా చేర్చి తిరిగి పంపండి.