లాహిరా, లహరా? (అడిగింది మాత్రం విహరణ గురించి)

మూడోడిస్కు:
ఆదివారం ఇంట్లో 'మాయాబజార్' నలుపు-తెలుపు కాపీ పెట్టాం. 'లాహిరి లాహిరి లాహిరిలో' అనే పడవపాట దగ్గర మాటామాటా వచ్చింది. "ప్రేమనౌకలో హాయిగ చేసే" తర్వాత ఏమిటి? "విహరణలో" అని కొందరు, "విహారములో" అని కొందరు. నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నా తేలలేదు. విహారం అందరికీ తెలుసు, విహరణ అనే మాట ఈ పాటలో తప్ప ఎక్కడా తగల్లేదు. అందుకే అనుమానం. అన్నట్టు, ఉపశీర్షికల్లో 'లాహిరి'కి అలలు అని వేశారు. అది సరైనదేనా?

అరసున్న:
సరైనదే. లహరి అంటే అల. సౌందర్యలహరి, గంగాలహరి వినలేదా? పడవ మీద పాట, కింద నీళ్ళు, ఇంకేం కావాలి? కవి రాగానికి సరిపోయేట్టు లహరిని లాహిరిగా సాగదీశాడు, అంతే.

దక్కనీదాసు:
అరసున్న గారూ, సాగదీయడానికి అక్కడ పని లేదండీ. లాహిరి అనే మాట తెలుగులో ఈ పాట రాసిన పింగళికి ముందునుంచే ఉంది. అర్థం మత్తు, మైకం. పాత పుస్తకాల్లో 'లాహిరీ పదార్థాలు' అని కనిపిస్తే అవి గంజాయి, నల్లమందు, కల్లు. అలలు కావు. ఉపశీర్షిక రాసినవారు నిఘంటువు తియ్యకుండా చెవిని నమ్మారు.

అరసున్న:
అంటే శశిరేఖాభిమన్యులు గంజాయి కొట్టి పడవెక్కారంటారా?

దక్కనీదాసు:
ప్రేమమైకం అంటే మీరే ఒప్పుకుంటారు, మత్తు అంటే మాత్రం కోపం. పల్లవిలోనే చూడండి: జగం ఊగింది, తూగింది. ఊగడం అలమీద పడవ ఊగడమే అనుకుందాం. తూగడం ఏమిటి? నిద్రమత్తులో, తాగినమత్తులో తల వాలడం తూగడం. అలకి తూగు లేదు. రెండో చరణంలో 'మైమరపించే' ఉంది, అదీ మైకం మాటే.

అరసున్న:
అదే రెండో చరణం "అలల ఊపులో" అని మొదలవుతుంది. చూశారా, అలలు ఉన్నాయి. మీరు చరణంలో సగం పట్టుకుని సగం వదిలేశారు.

దక్కనీదాసు:
రెండో చరణంలో అలలు వస్తాయి కాబట్టే పల్లవిలో అలలు అక్కర్లేదంటాను. చెప్పిందే చెప్పే కవి కాడాయన.

భగణం:
ఇద్దరూ అర్థం వెంట పరిగెత్తుతున్నారు. ముందు మాత్రలు లెక్కపెట్టండి. గురువుకి రెండు, లఘువుకి ఒకటి.

లాహిరి: 4. లాహిరి: 4. లాహిరిలో: 6.
ఓహో: 4. జగమే: 4. ఊగెనుగా: 6.

పల్లవి నడక 4-4-6. ఇప్పుడు లహరి పెట్టి చూడండి: మూడు లఘువులు, 3. లహరిలో అంటే 5. మొదటి అడుగుకే పడవ బోల్తా. కనుక 'లా' గురువు కావడం కవి సరదా కాదు, నడక అడిగిన గురువు. అది మత్తా, కెరటమా అన్నది ఆ తర్వాతి సంగతి.

మూడోడిస్కు గారి ప్రశ్నకీ జవాబు ఇక్కడే ఉంది. చరణాల్లో ఒక పాదం 16 మాత్రలు, తర్వాతిది 14. ఆ 14లో చివరి మాట ఎప్పుడూ ఆరే. పరవడిలో 6, లాలనలో 6, కలకలలో 6, మధురిమలో 6, అల్లరిలో 6. విహరణలో: నాలుగు లఘువులు, ఒక గురువు, 6. విహారములో: 7. విహారంలో అన్నా 7. పనికిరావు.

అరసున్న:
మాత్రలు లెక్కపెడితే పింగళి ఏం రాశాడో తెలుస్తుంది. ఘంటసాల, లీల ఏం పాడారో తెలియదు. పాటలో ఒక మాత్ర మింగడం, సాగదీయడం గాయకుల హక్కు. వినే తేల్చాలి.

పాతరీలు:
వినడం గురించి అయితే రెండు మాటలు. మీ దగ్గరున్నది ఏ కాపీయో ముందు చూసుకోండి, ఫైలు నిడివి చూస్తే చాలు. 184 నిమిషాలకి అటూ ఇటూగా ఉంటే పూర్తి కాపీ. 165 దగ్గర ఉంటే 2010 జనవరిలో వచ్చిన రంగుల కాపీ. దాంట్లో పద్యాలు చాలా పోయాయి, 'చూపులు కలిసిన శుభవేళ' కూడా లేదు. 176, 177 నిమిషాలుంటే ఏదో పోయిందని కంగారు పడకండి. సెకనుకి 24 బొమ్మల సినిమాని టీవీ, డీవీడీల కోసం 25కి నడిపారు. 184ని 25తో భాగించి 24తో గుణిస్తే 176.6 వస్తుంది. కథ ఏమీ తగ్గదు. కానీ పాట నాలుగు శాతం వేగంగా, శ్రుతి సుమారు ముప్పావు మెట్టు పైకి పోతుంది. హార్మోనియం ముందు పెట్టుకుని పాటతో కలిపి వాయించబోతే ఏ కట్టకీ పొసగనిది అందుకే. వాయిద్యం తప్పు కాదు, మీ చెవి తప్పూ కాదు.

ఇక మాట స్పష్టంగా వినాలంటే: వీఎల్‌సీ ప్లేయర్‌లో వేగం 0.75కి తగ్గించండి. అంతకన్నా తగ్గిస్తే గొంతు గరగరలాడి హకారం, రకారం కలిసిపోతాయి, ఇక్కడ కావలసినవి సరిగ్గా ఆ రెండే. ఈక్వలైజర్‌లో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య నాలుగైదు డెసిబెల్స్ పెంచి, 150 హెర్ట్జ్ కింద తగ్గించండి. ఆ పాదం మొదలు, చివర గుర్తుపెట్టి, ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ వచ్చేలా ఏ-బీ లూప్ వేయండి. టీవీ స్పీకర్ల మీద 5.1 ట్రాక్ పెట్టకండి. గొంతు మధ్య ఛానెల్‌లో ఉంటుంది, రెండు స్పీకర్లలోకి కుదించేటప్పుడు అది వెనకబడి వాయిద్యాలు ముందుకొస్తాయి. స్టీరియో లేదా మోనో ట్రాక్ ఉంటే అదే మేలు.

గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి. గరగర తీసేస్తామని పైస్థాయి ధ్వనిని గట్టిగా కోసిన కాపీల్లో 'స' అంతా 'ష'లా వినిపిస్తుంది. 'స'కి బలం పైన ఉంటుంది, 'ష'కి దానికన్నా కింద. పైది కోసేస్తే మిగిలేది ష లాంటిదే. అలాంటి కాపీలో ఈ సినిమాలోని 'దుషట చతుషటయం' విని ఎవరేం పలికారో వాదించుకోవడం వృథా.

మూడోడిస్కు:
మాది 177. పెట్టి చూస్తాను. టీవీలో మనుషులు కాస్త లావుగా కనిపిస్తున్నారు, అది కూడా కాపీ లోపమేనా?

పాతరీలు:
కాదు, టీవీ అమరిక. ఆ సినిమా చట్రం 4:3. మీ టీవీ 16:9కి లాగుతోంది. బొమ్మ అమరికలో 'ఒరిజినల్' లేదా '4:3' ఎంచుకోండి, పక్కల నల్లపట్టీలు రావాలి. జూమ్ పెడితే లావు తగ్గుతుంది గానీ ఘటోత్కచుడి కిరీటం తెగిపోతుంది.

ఎన్నూరుగాలి:
భగణం గారి లెక్కకి ఒక సాక్ష్యం ఇస్తాను. ఇదే సినిమా అదే ఏడాది, 1957లో, తమిళంలోనూ తీశారు. అదే బాణీకి తంజై రామయ్యదాస్ రాసిన పల్లవి "ఆహా ఇన్బ నిలావినిలే". విడదీయండి: ఆహా 4, ఇన్బని 4, లావినిలే 6. మళ్ళీ 4-4-6. అంటే అచ్చు సాలూరి రాజేశ్వరరావు బాణీది. ఇద్దరు కవులూ ఆ అచ్చులోకే పోశారు.

తమాషా ఏమిటంటే, తమిళ కవి అలనీ తీసుకోలేదు, మత్తునీ తీసుకోలేదు. ఆయన తీసుకున్నది వెన్నెల. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే పట్టిన వెన్నెల చూసినవాళ్ళకి అదే న్యాయం అనిపిస్తుంది.

అరసున్న:
బాణీ సాలూరివారిదని రాసినందుకు సంతోషం. సినిమా పేర్లలో ఘంటసాల ఒక్కరి పేరే చూసి పాటలన్నీ ఆయన కట్టారనుకునేవారు ఎక్కువ. నాలుగు పాటల బాణీలు సాలూరివి, మిగతావీ, వాద్యబృందం కూర్పూ ఘంటసాలవి.

దక్కనీదాసు:
పక్కదారి పట్టారు. అలకీ మత్తుకీ గొడవే లేదని నా సిద్ధాంతం. హిందుస్థానీలో 'లహర్' అంటే అల. అదే మాటకి పొంగు, తిక్క, ఉన్మాదం అనే అర్థాలూ ఉన్నాయి. పాము కరిచినవాడికి విషం తెరలు తెరలుగా ఎక్కడాన్ని కూడా లహర్ అంటారు. మరాఠీలో 'లహరీ' మనిషి అంటే క్షణానికో బుద్ధి ఉన్నవాడు. మత్తు కూడా అలలా వచ్చేదే కదా. సంస్కృత లహరి ఉత్తరాదిలో తిరిగి తిరిగి, మత్తెక్కి, లాహిరి అయి తెలుగులోకి దిగింది. కనుక అరసున్న గారిది తాతముత్తాతల అర్థం, నాది వాడుకలో ఉన్న అర్థం.

అరసున్న:
మీ సిద్ధాంతంలో 'ల' 'లా' ఎప్పుడైంది, ఎందుకైంది? మధ్యలో 'హ' పోయి 'హి' ఎక్కడినుంచి వచ్చింది? దారిలో ఏ మజిలీలో మారిందో చూపించలేదు. కవి సాగదీశాడు అన్న నా మాటకి కనీసం భగణం గారి మాత్రలు తోడున్నాయి.

భగణం:
నా మాత్రలు ఎవరికీ తోడు లేవు. నాలుగు మాత్రల మాట కావాలని మాత్రమే చెప్పాయి. లాహిరి ముందే భాషలో ఉంటే కవి తీసుకున్నాడు, లేకపోతే చేసుకున్నాడు. అంతవరకే.

అరసున్న:
చేసుకోవడం ఆయనకి కొత్తా? "ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయి" అని ఘటోత్కచుడి నోట పలికించినవాడు. తసమదీయులు చూడండి. సంస్కృతంలో అస్మదీయ ఉంది, యుష్మదీయ ఉంది, తదీయ ఉంది. తస్మదీయ లేదు. అసమదీయులకి ఎదురుగా ప్రాసకోసం పుట్టింది. ఇప్పుడు పత్రికల్లో రాజకీయ వార్తలకి అదే దిక్కు.

దక్కనీదాసు:
తసమదీయులకన్నా గిల్పం, గింబళి గొప్పవి. అందరూ వింత శబ్దాలని నవ్వి ఊరుకుంటారు. మన జంటమాటలు తీసుకోండి: పులి గిలి, కాఫీ గీఫీ, పెళ్ళి గిళ్ళి. రెండో మాటకి అర్థం ఉండదు, 'గి' చేర్చి ఊరికే అంటాం. తల్పం గిల్పం, కంబళి గింబళి కూడా అలాంటివే. ఆయన ఆ అర్థంలేని రెండో మాటని విడదీసి, దానికో వస్తువుని తయారుచేసి పెట్టాడు. తల్పంలా కనిపించి మనిషిని తిప్పేసేది గిల్పం. వ్యాకరణంలోంచి హాస్యం తీయడమంటే అది. ఈసారి చూసేటప్పుడు నవ్వు కాసేపు ఆపి ఆ దృశ్యం వినండి.

ఎన్నూరుగాలి:
ఉన్నమాటకి కొత్త బతుకు ఇవ్వడంలోనూ దిట్టే. 'పాతాళభైరవి' (1951)లో డింభకా. డింభకుడంటే చిన్నపిల్లవాడు, అంతే. ఎస్వీ రంగారావు గొంతులోంచి వచ్చాక జనం దాన్ని తిట్టో దీవెనో తెలియని పిలుపు చేసుకున్నారు. ఇంట్లో వరసగా పింగళినే చూడాలనుకుంటే పాతాళభైరవి, మాయాబజార్, జగదేకవీరుని కథ ఆ క్రమంలో పెట్టండి. 'గుండమ్మ కథ'లో పాటలే ఆయనవి, మాటలు డి.వి. నరసరాజుగారివి. తేడా చెవికి తెలుస్తుంది, నరసరాజు మాట ఇంట్లో మనుషుల మాట.

అరసున్న:
పింగళిలో నాకు ఒక్కటే గుచ్చుకుంటుంది. ఇదే పాటలో 'పిల్లవాయువులు'. పిల్లగాలి అని చక్కటి తెలుగు ఉండగా పిల్ల తెలుగు, వాయువు సంస్కృతం. వైరిసమాసం, కలపకూడని మాటల కలయిక.

భగణం:
వైరి కాదు. 'వాయువు' అని తెలుగు ప్రత్యయం చేరాక అది తత్సమం. తత్సమంతో తెలుగుమాట కలిస్తే మిశ్రసమాసం, చిన్నయసూరికే అభ్యంతరం లేదు. పైగా 'పిల్లవాయువుల' 8 మాత్రలు, 'పిల్లగాలుల' 7. మళ్ళీ నడకే.

అరసున్న:
మీకు అన్నిటికీ నడకే.

మూడోడిస్కు:
0.75లో, లూప్ వేసి, పాతరీలు గారు చెప్పినట్టే విన్నాం. 'విహ' వరకు స్పష్టం. తర్వాత 'ర'కి ముందు దీర్ఘం ఉన్నట్టూ ఉంది, తీగ సాగినట్టూ ఉంది. ఇంట్లో ఓట్లు ఇప్పటికీ సమానమే. విహరణే అనుకోమంటారా?

దక్కనీదాసు:
విహరణ సంగతి తర్వాత చూద్దాం. మొదటి చరణంలో 'పరవడిలో' తర్వాత 'ఉరవడిలో' అని మళ్ళీ పాడతారు కదా, వెన్నెలకి ఉరవడి ఏమిటి? మత్తెక్కినవాడికి తప్ప వెన్నెల ఉరికినట్టు కనిపిస్తుందా?

అరసున్న:
అల ఉరుకుతుంది.